పసిపిల్లకు పంపిన నూనె

నువ్వుల నూనె గురించి నలభై ఏళ్ళుగా నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. అడగకపోయినా నేను చెప్పాను, చెప్పినా వినలేదు, విన్న నలుగురు కూడా గానుగ పట్టినవాడి కొడుకు గానుగ గొప్ప చెప్పుకోక ఇంకేం చేస్తాడని నవ్వి ఊరుకున్నారు. ఎవరు ఏ పెళ్ళి పందిట్లో ఎలా నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. కావాలంటే వాళ్ళు ఆ రోజు తొడుక్కున్న చొక్కా రంగు కూడా చెప్పగలను. నా తోటి వయసువాళ్ళకు ఇలాంటి జ్ఞాపకశక్తి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టామో మరిచిపోతాం గాని, పడిన మాట మరిచిపోతామా?

ఇప్పుడు చూడండి. మేముండే బీరంగూడలో, పెద్ద రోడ్డు మీద మందుల దుకాణం పక్కన, మోటారుతో తిరిగే చెక్క గానుగను అద్దాల గదిలో పెట్టి, జనం నిలబడి చూస్తుండగా నూనె తీసి గాజు సీసాల్లో అమ్ముతున్నారు. పోయిన నెల నేనొక సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తుంటే, ఆ దుకాణం నడిపే యువకుడు నన్ను కొత్తవాణ్ణనుకొని, "అంకుల్, అడుగుకు జెర మడ్డి కనబడ్తే పరేషాన్ గాకుండ్రి, అస్సలు నూనెకు అట్లనే ఉంటది" అని ధైర్యం చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. సరిగ్గా ఆ మాటే చెప్పి మా నాయిన అల్లుడి చేత నలుగురిలో మాట పడ్డాడు.

నేను ఆ దుకాణానికి వెళ్ళడానికి కారణం మా మేనకోడలి ఫోను. సంగారెడ్డిలో ఉండే మా అక్కకు ఇద్దరు కూతుళ్ళు. ఈమె రెండోది, పెళ్ళయినా అక్కాబావలతో పాటు ఆ పాత ఇంట్లోనే ఉంటోంది. ఈమె కూతురికి మొన్ననే కాన్పయింది, మగపిల్లాడు. "మామా, పిల్లగానికి రాయనీకి గానుగల పట్టిన నువ్వుల నూనె గావాలె. దుకాణపోళ్ళ మాట నేను నమ్మ. నీకన్న తెల్సినోళ్ళెవరున్నరే మనింట్ల?" అని అడిగింది. ఆ ఇంటి నుంచి ఆ ప్రశ్న వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఎందుకంటే మా రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయింది ఒక పసిపిల్ల ఒంటికి పూసిన నూనె మీద. ఆ పసిపిల్ల ఈ మేనకోడలే.

మా నాయినకు జోగిపేటలో, ఇంటి వెనక కొట్టంలో, ఎద్దు గానుగ ఉండేది. నువ్వులు కడిగి ఎండబెట్టి గానుగ రోట్లో పోసి, మధ్యమధ్య చారెడు నీళ్ళు చిలకరించి, చిన్న బెల్లం ముక్క వేసి, ఎద్దును దాని నడకన నడవనిచ్చేవాడు. అదిలించేవాడు కాదు. ఎద్దును తొందరపెడితే రోకలి వేడెక్కి నూనెకు కమురు వాసన వస్తుందని, రోట్లో వేలు పెడితే పసిపిల్ల ఒంటి వేడి కంటే ఎక్కువ తగలకూడదని ఆయన లెక్క. ఇప్పటివాళ్ళు దానికి కోల్డ్ ప్రెస్డ్ అని పేరు పెట్టి సీసా మీద అచ్చు వేస్తున్నారు. మా నాయిన పేరేమీ పెట్టలేదు, వేలు పెట్టి చూసుకునేవాడు, అంతే. దిగిన నూనెను వెడల్పాటి ఇత్తడి గంగాళంలో పోసి, పల్చటి బట్ట కట్టి, వారం పది రోజులు ఎండలో ఉంచితే, మడ్డి అడుగుకు చేరి పైన తేనె రంగులో తేట నిలిచేది. తేట నూనె ఇళ్ళకు, మడ్డి బండి ఇరుసులకు, మిగిలిన తెలకపిండి బర్రెలకూ బాలింతలకూ పోయేది. పారేసేదంటూ ఏమీ ఉండేది కాదు.

ఆ నూనె వాడకాలు చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు. మామిడికాయ తొక్కు పెట్టినా, పుంటికూర నూరినా, సర్వపిండి గిన్నెకు అద్దినా, జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం వేసి మధ్యలో గుంట చేసి పోసుకున్నా అదే నూనె. శనివారం తలకు పెట్టుకొని ఎండలో కూర్చున్నా, ఎండాకాలం అరికాళ్ళకు రాసుకున్నా, పొద్దున్నే నోట్లో పోసుకొని పుక్కిలించినా, దేవుని ముందు దీపం వెలిగించినా అదే. బాలింతకు మొదటి ముద్దలో అది పడాలి, పసిపిల్లకు మొదటి స్నానం దానితోనే జరగాలి. ఇంతటి నూనెకు జబ్బులన్నీ పోతాయని మా నాయిన ఎన్నడూ అనలేదు. ఒళ్ళు పొడిబారదు, తిన్నది ఒంటబడుతుంది, నిద్ర బాగా పడుతుంది అనేవాడు. అంతకు మించి ఎవరైనా అడిగితే వైద్యుని దగ్గరికి పొమ్మనేవాడు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది. కిరాయి గదిలో నలుగురం ఉండేవాళ్ళం, కంపెనీ బస్సులో వెళ్ళి వచ్చేవాళ్ళం. అక్కడి ద్రావకాలకు మా చేతులు సున్నం రాసినట్టు తెల్లబడి, వేళ్ళ సందులు చీలేవి. డ్యూటీ దిగి చేతులు కడుక్కున్నాక నేను నాయిన ఇచ్చిన నూనె రాసుకుంటే మర్నాటికి మెత్తబడేవి. ఒడిశా నుంచి వచ్చిన మా గది మనిషి ఒకడు, తమ ఊరి ఆవనూనె ముందు ఇదెంత అని రోజూ వాదించి, రోజూ నా సీసాలోనే వేలు ముంచేవాడు. ఆ వాదనలో వాడు ఓడిపోయినట్టు ఈనాటికీ ఒప్పుకోలేదు. అది వేరే సంగతి.

ఆ ఏడే మా అక్కకు రెండో కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తవారింట్లో అయ్యేది మా వైపు. రెండోదానికి పుట్టింటి నుంచి నూనె, బెల్లం, తెలకపిండి పంపాలి. ఆ నూనె తీసుకొని నేను వెళ్ళాలి, నాకున్నది ఒక్కరోజు సెలవు. ఎప్పుడూ నూనె పంపే డబ్బాకు తుప్పు పట్టి అడుగున చిల్లి పడింది. ఇక్కడే నేను, మా బొల్లారం పనివాళ్ళందరూ చేసే తెలివితక్కువ పనే చేశాను. ఫ్యాక్టరీ గేట్ల ఎదుట తుక్కు దుకాణాల్లో ఖాళీ తెల్ల ప్లాస్టిక్ క్యానులు దొరికేవి. వాటిలో అంతకు ముందు ఏం పోసి తెచ్చారో అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. మూత గట్టిది, కారదు, పగలదు, అదే మాకు కావలసింది. తాగే నీళ్ళు, కిరసనాయిలు, ఊరి నుంచి తెచ్చుకునే మజ్జిగ, అన్నీ వాటిలోనే. నా దగ్గరున్న క్యానును వేడినీళ్ళతో, బూడిదతో, చింతపండుతో మూడుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టి పట్టుకెళ్ళాను.

నాయిన దాన్ని మూత తీసి వాసన చూశాడు. "ఇందుల పోస్తవా బిడ్డా? నూనె ఏ వాసన పక్కన కూసుంటే ఆ వాసన పట్టుకుంటది. అదీగాక ఇంక నాల్గు దినాలు ఎండల ఉండాలె, తేటగాలె" అన్నాడు. మంచిగ కడిగిననీ, మళ్ళీ సెలవు దొరకదనీ నేను మొండికేశాను. ఆయన తనే గంగాళం వంచి పోశాడు. జోగిపేట నుంచి సంగారెడ్డి దాకా బస్సు కుదుపులకు, పూర్తిగా దిగని మడ్డి అంతా కలిసిపోయింది. అక్కవాళ్ళ అత్త మూత తీసి, "గిదేం నూనెరా, కుడితి లెక్కున్నది!" అని నా ముఖం మీదే అన్నది. రెండు రోజులు కదపకుండా పెడితే తేటపడుతుందని చెప్పాను. ఆమె నా మాట పూర్తికాకముందే లోపలికి వెళ్ళిపోయింది. అదీ గుర్తుంది.

పన్నెండు రోజులకు మా బావ జోగిపేట వచ్చాడు. ఆ రోజు ఆదివారం, ఎలాగో సెలవు దొరికి నేనూ ఇంటి దగ్గరే ఉన్నాను. కొట్టం ముందర నువ్వుల మూటలతో ఏడెనిమిది మంది కూర్చొని ఉన్నారు. చెప్పులు విప్పకుండా, నీళ్ళు ముట్టకుండా, వాళ్ళందరి నడుమ నిలబడి, "ఏం కలిపినవ్ మామా నూనెల? పిల్ల ఒళ్ళంత పొక్కిపాయె. సొంత మనుమరాలికే గిట్ల జేస్తివి, ఊరోళ్ళకేం పోస్తున్నవో!" అని అరిచాడు. మడ్డి తప్ప అందులో ఏమీ లేదని, మడ్డి నూనెకు సహజమని నాయిన ఒక్కసారి చెప్పాడు. బావ వినలేదు. అప్పుడు నాయిన గంగాళంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకొని, కళ్ళు మూసుకొని కాసేపు అలాగే నిలబడ్డాడు, తన నూనెలో నిజంగానే ఏదైనా ఉందేమోనని వెతుకుతున్నట్టు. నేను గోడకానుకొని చూస్తున్నాను. క్యాను సంగతి నా నోటి దాకా వచ్చింది. నాయిన ఒక్కసారి నావైపు చూసి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. ఆయన చూడలేదు, నేను చెప్పలేదు.

పిల్లకు పదిహేను రోజుల్లో తగ్గిపోయింది. నాయినకు తగ్గలేదు. ఆ తర్వాత కూడా ఐదారేళ్ళు గానుగ నడిపాడు గాని, ఎవరైనా పసిపిల్లకని నూనె అడిగితే మాత్రం పోసేవాడు కాదు. "పెద్దోళ్ళకైతే తీస్కపో తల్లీ, పసిగుడ్డుకైతే ఇంకెక్కడన్న సూస్కో" అని పంపేసేవాడు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆయన నూనెతో పెరిగినవాళ్ళే, వాళ్ళ తల్లులు అర్థంకాక నిలబడి చూసి వెళ్ళిపోయేవాళ్ళు. గానుగ ఆగిపోవడానికి మిల్లులు కారణం, ముసలిదైన ఎద్దు కారణం, అది నాకు తెలుసు. కాని ఆయన చేతిలో ధైర్యం ఆగిపోయింది మాత్రం ఆ ఆదివారమే. ఆయన పోయిన నాటికి కూడా నేను చెప్పలేదు.

బావ మీద నా కోపం అందరికీ తెలుసు. మేనకోడలి పెళ్ళిలో నన్ను మూడో పంక్తిలో కూర్చోబెట్టడం, మా అమ్మ దినానికి వచ్చి విస్తట్లో చేయి పెట్టకుండానే పోవడం, అన్నీ వరసగా చెప్పుకున్నాను, ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. అందరికీ తెలియనిది, ఆ కోపం కింద నేనే ఒక క్యానును దాచిపెట్టుకున్నానని. ఫ్యాక్టరీలో ఎవరి చేతి మీదైనా బొబ్బ కనిపిస్తే నాకు ఆ పసిపిల్ల గుర్తుకొచ్చేది. ఉద్యోగం విరమించాక కూడా ఎక్కడైనా తెల్ల క్యాను చూస్తే పక్క వీధిలోకి తిరిగిపోయేవాణ్ణి. ఆ పిల్ల ఒంటి మీది పొక్కులు నా చేతి పనేనని, నాయిన మోసిన మాట నాదేనని నలభై ఏళ్ళు అనుకుంటూ బతికాను.

మేనకోడలు అడిగిన నూనెను ఈసారి గాజు సీసాలో పోయించుకొని, తువ్వాలలో చుట్టుకొని, పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి బస్సెక్కాను. ఆ ఇంటి వాకిట్లో పిల్లాడి స్నానానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అక్క తువ్వాలు పట్టుకొని కూర్చుంది. వీధిలో అందరూ ఖాలా అని పిలిచే పక్కింటి ముసలమ్మ కూడా ముక్కాలి పీట మీద కూర్చొని ఉంది. ఆ వీధిలో రెండు తరాల పిల్లలకు స్నానాలు చేయించిన మనిషి, ఇప్పుడు చూపు ఆనదు, చేతులు వణుకుతాయి, అయినా కొత్త పిల్లాడు పుడితే వచ్చి పీట వేయించుకుంటుంది. మేనకోడలు సీసా మూత తీయగానే అడ్డం చేయి పెట్టాను. ముందు పిల్లాడి మోచేతి మీద ఒక్క చుక్క రాసి రేపటిదాకా చూడమని చెప్పాను. ఖాలా పకపకా నవ్వింది.

"గింత భయమేంది తమ్మీ? మీ నాయిన నూనె నేను ఏడాది తిన్న, నాకేమైంది?"

ఏ నూనె అని అడిగాను.

"తెల్ల క్యాను నూనె. ఈ పిల్ల పుట్టినప్పుడు నువ్వే తెచ్చినవ్ జూడు. మీ అక్క అత్త, గిది పిల్లకు వద్దు, పారబొయ్యమన్నది. మంచి నూనెను ఎవరన్న పారబోస్తరా? నేను ఇంటికి తీస్కపోయిన. రెండు దినాలకు అద్దం లెక్క తేటైంది. తొక్కు పెట్టిన, మోకాళ్ళకు రాసుకున్న, పిల్లలందరికి తలకు పెట్టిన. ఆరుగురు నాకు, ఒక్కనికి దురద రాలె."

మరి ఈ పిల్లకు ఏం రాశారని అడిగాను.

"గులాబ్ వాసనది, ఎర్ర సీస. మీ బావ పట్నం నుంచి తెచ్చిండు. మూడుసార్లు రాసిన, నాలుగో దినం పొక్కులచ్చినయి. గిది బంద్ చెయ్యుమని నేనే చెప్పిన మీ అక్క అత్తకు. ఊకో అన్నది. తర్వాత నన్నెవరడిగిన్రు?"

ఎవరూ అడగలేదు. మా అక్క బాలింతగా లోపలి గదిలో ఉంది, పిల్ల స్నానం వాకిట్లో జరిగేది, ఏ నూనె రాశారో ఆమె చూడలేదు. పుట్టింటి నూనె వల్లనే అయిందని అత్త చెప్పింది, ఆమె నమ్మింది. ఇప్పుడు తువ్వాలు ఒడిలో పెట్టుకొని, "నాయిన నూనెతోనే అయిందనుకున్న గదరా తమ్మీ ఇన్నేండ్లు! ఆయన ముఖం సూడనీకి నాకే భయమైతుండె, అందుకే రాకపోతుంటి" అని ఏడ్చింది. అప్పుడు నేను క్యాను సంగతి చెప్పాను. తప్పు కాదని తేలిపోయాక ఒప్పుకోవడం ధైర్యమేమీ కాదని నాకు తెలుసు, అయినా చెప్పాను. అక్క ఏడుపు ఆపి నన్ను పైనుంచి కిందకు చూసింది. "నీ పాడుగాను! గిది కడుపుల పెట్టుకోని మీ బావ మీద పడ్డవారా ఇన్ని దినాలు?" అని నా వీపు మీద ఒక దెబ్బ వేసి, మళ్ళీ ఏడ్చి, మళ్ళీ నవ్వింది. మేనకోడలు నూనె చేతులతోనే, "అంటే నా ఒంటిమీది పొక్కులకు నాకు తాత లేకుంట జేసిన్రా మీరందరు?" అన్నది.

మోచేతి మీద చుక్క వేసి రేపటిదాకా చూద్దామన్న మాట మాత్రం నేను వదల్లేదు. రాత్రి అక్కడే ఉండి మర్నాడు పిల్లాడి మోచెయ్యి చూశాను, తామరాకులా నున్నగా ఉంది. అప్పుడు ఖాలా చెబుతుంటే మేనకోడలు కాళ్ళు చాపుకొని పిల్లాణ్ణి బోర్లా వేసుకొని వీపు, తొడలు, అరికాళ్ళు నిమిరింది. వాడు మొదట గుక్కపట్టి ఏడ్చి, తర్వాత మూలిగి, వేడినీళ్ళు పడ్డాక ఆ ఒళ్ళోనే నిద్రపోయాడు. నూనె వాసన వాకిలంతా నిండింది. నాకు నిమ్మళం అనే మాట అర్థం అప్పుడు తెలిసింది. కూర్చున్న చోటే కన్ను అంటుకుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను పగటిపూట నిద్రపోయాను. క్యాను సంగతిలో మాత్రం ఎవరూ నన్ను చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఖాలా ఇంటిల్లిపాదికీ ఏమీ కాకపోవడం మా అదృష్టం. ఆ క్యానుల్లో తినేవీ తాగేవీ పోయొద్దని నేను మా వీధిలో ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను, అదీ ఎవరూ వినడం లేదు.

ఇక మా బావ. నేను లేచి ముందు గదిలోకి వెళ్ళేసరికి కుర్చీలో కూర్చొని ఉన్నాడు. వాకిట్లో జరిగిన మాటలు ఆయనకు వినపడే ఉంటాయి. చెవి మిషను పెట్టుకొనే ఉన్నాడు. ఎదురుగా కూర్చొని అడిగాను. ఎర్ర సీసా తెచ్చింది నువ్వే కదా, పిల్లకు రాసింది అదేనని జోగిపేట వచ్చిన రోజు నీకు తెలుసా, తెలియదా అని. ఆయన మిషను తీసి జేబులో పెట్టుకొని, "చాయ తాగినవా బామ్మర్దీ?" అన్నాడు. ఆయన నన్ను ఆ వరసతో పిలిచి నలభై ఏళ్ళయింది. ఆ పిలుపుకు అడిగింది మరిచిపోయి, చాయ తాగేసి వచ్చేశాను. బస్సు పటాన్‌చెరు దాటాక గాని, జవాబు తీసుకోకుండానే వచ్చానని గుర్తుకు రాలేదు.

అప్పటి రోజుల్లో మాట అనాలంటే మనిషి బస్సెక్కి వచ్చి, వాకిట్లో నిలబడి, నలుగురి ముందర అనేవాడు. తప్పో ఒప్పో ముఖం మీదే ఉండేది. ఇప్పుడు అందరం మర్యాదస్తులమయ్యాం, పెద్దవాళ్ళమయ్యాం, పాతవన్నీ ఎందుకని ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. కొట్టం ముందర నువ్వుల మూటలతో కూర్చున్న ఆ ఏడెనిమిది మందిలో ఎందరు మిగిలారో నాకు తెలియదు, ఆ మాట విన్నవాళ్ళకు ఈ మాట వినిపించే దారి లేదు. వేలు నాలుక మీద పెట్టుకొని తన తప్పు కోసం వెతుక్కున్న మనిషి అసలే లేడు. నా బరువు దిగింది, అక్క బరువు దిగింది. ఆయనది ఆయనతోనే పోయింది.

బావా, ఇది నీకు నీ కూతురు చదివి వినిపిస్తుంది, మిషను పెట్టుకో. తెలియదంటే నమ్ముతాను, ఇక ఆ మాట ఎత్తను. తెలుసంటే, నేనూ నోరు మూసుకున్నవాణ్ణే కాబట్టి నిన్ను ఒక్క మాట అనను. కాని వచ్చే ఆదివారం జోగిపేటకు రా. కొట్టం కూలిపోయింది, గోడ ఒక్కటే ఉంది, ఆ గోడ ముందర చెప్పులు విప్పి నిలబడి, మా నాయినకు ఒక్క ముక్క చెప్పు. ఆ రోజు నీకు తెలుసా, తెలియదా?